పేరు ఆపి చేసే పని

మా సార్ పోయారు. మంగళవారం మధ్యాహ్నం మా రేడియో స్టేషన్ డాబా మీది నుంచి దిగి, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటుంటే నీళ్ల ట్యాంకు దగ్గర ఫోన్ మోగింది. మా దగ్గర సెల్‌ఫోన్ సిగ్నల్ ఆ ట్యాంకు పక్కన మాత్రమే వస్తుంది. అందుకే ఫోన్ ఎప్పుడూ అక్కడి దిమ్మె మీదే ఉంటుంది. అవతల సార్ భార్య. "బిడ్డా, మీ సార్ లేడు" అన్నది. "ఎక్కడికి పోయారమ్మా?" అని అడిగాను. నిజంగానే అట్లా అడిగాను. మొన్న ఆదివారం ఫోన్‌లో నన్ను పావుగంట తిట్టిన మనిషి పోతారని ఎవరనుకుంటారు?

పదకొండో రోజు కర్మకు వచ్చినవాళ్లు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. "మా సార్" అన్నాను, అంతే, మైకు పక్కవాళ్లకు ఇచ్చేశాను. అప్పుడు చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను. పొగడ్తలు ఆయనకు అస్సలు పడవు. ఎవరైనా పెద్ద మాటలు మొదలుపెడితే "ఇగ నడువుండ్రి, బస్సు పోతది" అని లేచేవారు. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను, నా తప్పుతో సహా.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే బస్సులో వెళ్తూ అడవి మొదలయ్యే చోట దిగి, ఎడమ చేతికి రెండు కిలోమీటర్లు నడిస్తే మా స్టేషన్ వస్తుంది. చుట్టూ చెట్లు కొట్టేసిన మైదానం, నడుమ ఒక గది, గది నెత్తిన గుండ్రటి ఇనుప డాబా, దాని మధ్యలో తెల్లటి గుమ్మటం. విమానాలకు దారి చూపించే రేడియో స్టేషన్ అది. పక్క గూడెంవాళ్లకు మాత్రం గంప. గంప కాడికి పోతున్నం, గంప కాడ మేకలు మేస్తున్నయ్ అంటారు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఇప్పపువ్వు ఏరుకుని పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "గీ గంప కింద ఏం కమ్మినవ్ సారూ, కోడిపిల్లలనా?" అని అడిగింది. సార్ నవ్వకుండా "విమానాలను కమ్మిన పెద్దమ్మా. ఎత్తకు, ఎగిరిపోతయ్" అన్నారు. ఆమె ఆ మాటను గూడెమంతా చెప్పుకుని నవ్వింది.

నేను కొత్తగూడెం గని కార్మికుడి బిడ్డను. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఈ నౌకరిలో చేరేసరికి నాన్న ఊపిరితిత్తులు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట అది. రెండేళ్లు ప్రొబేషన్, ఆ తర్వాతే నౌకరి ఖాయం. ఇంటిల్లిపాదీ నా నౌకరి మీద కళ్లు పెట్టుకుని ఉన్నారు. నాకేమో ఆకాశంలో దారి అంటే ఏందో తెలియదు. పుస్తకంలో చదివాను, పరీక్ష రాశాను, కానీ తెలియదు.

తెలిసేట్టు చెప్పింది స్టేషన్‌కు పెద్దయిన మా సార్. గదిలో గోడకు పెద్ద మ్యాపు ఉండేది. అందులో మా స్టేషన్ ఉన్న చోట ఒక మేకు కొట్టి, తునికాకు కట్టలు కట్టే నారను దానికి ముడేశారు. ఆ నార కొస నా చేతికిచ్చి, "గుంజి పట్టు. గిప్పుడు గుండ్రంగ తిరుగు" అన్నారు. తిరిగాను. "గీ గంప నుంచి మూడొందల అరవై తట్లకు గిట్లనే గీతలు పోతయ్ బిడ్డా. ఒక్కో గీతకు ఒక్కో నెంబరు. పైలట్‌కు అడవి కనపడదు, నది కనపడదు, మబ్బులుంటే ఏదీ కనపడదు. గాని వాని ముందటి డబ్బాల మన నెంబరు కనపడ్తది. గా నెంబరు పట్టుకోని వస్తడు, పోతడు. గదే దారి." తర్వాత నార కొసను సముద్రం వైపున్న ఇంకో స్టేషన్ దాకా లాగారు. "సగం దూరం మన గీత మీద పోతడు. సగం కాడ మనల్ని వదిలి వాళ్ల గీత అందుకుంటడు. బస్సు మారినట్టే."

పెద్ద విమానాలు బాగా ఎత్తున పోతాయి, వాటికి చాలా దూరం నుంచి స్టేషన్లు వినిపిస్తాయి. చిన్నవాటికి, కింది ఎత్తున పోయేవాటికి ఆ వీలు లేదు. మా రేడియో మన చూపులాగే తిన్నగా పోతుంది, కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. అందుకని కింది దారులకు ఒక్కోదానికి ఇంత ఎత్తు తగ్గొద్దు అని రాసి ఉంటుంది. ఆ ఎత్తున కొండ తగలదు, స్టేషన్ మాట తప్పిపోదు. దారి వెడల్పు గీతకు అటు నాలుగు మైళ్లు, ఇటు నాలుగు మైళ్లు. అరవై మైళ్ల దూరాన ఒక్క డిగ్రీ తేడా వస్తే మనిషి మైలు పక్కకు పోతాడు. ఈ లెక్కను సార్ నాచేత రోజూ అప్పజెప్పించేవారు, ఎక్కాలు అప్పజెప్పించినట్టు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. పొద్దున ఎనిమిది బస్సు దిగి, చెప్పులు గది బయట విడిచి, ముందుగా మ్యాపు మీది మేకును వేలితో కదిపి చూసేవారు. అది ఊడిపోతే కొంపలేమీ మునగవు, అయినా చూసేవారు. చద్ది జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తెచ్చుకునేవారు. నా టిఫిన్ డబ్బా మూత తీసి, అన్నం తక్కువైతే "నువ్వు మనిషివా, పిట్టవా?" అని సగం రొట్టె పడేసేవారు. విమానం చప్పుడు వినపడితే తలెత్తేవారు కాదు, గడియారం చూసేవారు. చూసి "నాలుగు నిమిషాలు లేటు" అనుకునేవారు, అదేదో ఆయన అల్లుడి బస్సయినట్టు. మేకలు లోపలికి వస్తే మాత్రం ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక పేరు సంగతి. మా గంప గీతలు పంపిస్తూ ఊరుకోదు. పది సెకన్లకోసారి తన పేరు చెప్పుకుంటుంది. మూడక్షరాల పేరు, కూతల్లో. పొడుగు కూత, పొట్టి కూత కలిపి. పైలట్ ముందు ఆ పేరు వింటాడు, ఇది ఫలానా స్టేషనే అని ఖాయం చేసుకుంటాడు, అప్పుడే గీతను నమ్ముతాడు. మేము రిపేరు చేసేటప్పుడు గీతలు గాలిలో ఉండొచ్చు గానీ పేరు మాత్రం ఆపెయ్యాలి. పేరు రాలేదంటే నన్ను నమ్మొద్దు అని అర్థం. రిపేరు అయ్యాక డాబా మీద చుట్టూ తిరిగి కొలిచి, అన్నీ సరిగ్గా ఉంటేనే మళ్లీ పేరు పెట్టాలి. "మీద పోయేటోడు మన మొఖం చూసిండా, మన కులం అడిగిండా? మన పేరు ఇన్నడు, నమ్మిండు. పేరు చెప్పినమంటే మాట ఇచ్చినట్టే" అనేవారు సార్. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్నాను, తలూపాను, ఒకరోజు గాలికి వదిలేశాను.

అది మామిడికాయ వానల కాలం. ముందు రోజు పిడుగు పడి ఒక యాంటెనా కేబుల్ కాలిపోయింది. పొద్దుటి నుంచి పేరు ఆపి, సార్, నేను దాన్ని మార్చాం. ఇక కొలిచే పని మిగిలింది. డాబా అంచు చుట్టూ పదహారు గుర్తులుంటాయి. ఒక్కో గుర్తు దగ్గర చిన్న రిసీవర్ బిగించి, అది చూపించే అంకె షీటులో రాయాలి. సార్ ఆ సాయంత్రం పాల్వంచలో కంటి దవాఖానాకు పోవాలి. ఐదు బస్సుకు పోయే పెద్దవాళ్లు ఖాళీ షీటు మీద ముందే సంతకం పెట్టి పోవడం మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. లేకపోతే పని తెల్లారే దాకా ఆగుతుంది. సార్ కూడా పెట్టారు. "పదహారూ చూడు. మొగులైతున్నది, పిడుగు పడేటట్టుంటే దిగు, పేరు పెట్టకు, రేపు చూద్దాం" అని చెప్పి పోయారు.

నిచ్చెన దక్షిణం వైపు ఉంది కాబట్టి అక్కడే మొదలుపెట్టి, పడమర, ఉత్తరం తిరుగుతూ పన్నెండు కొలిచాను. అన్నీ బంగారంలా ఉన్నాయి. తూర్పుకు వచ్చేసరికి ఆకాశం గుడ్లురిమింది. ఇనుప డాబా మీద ఒంటరిగా నేను. కింద నుంచి మా వాచ్‌మన్ అన్న, పక్క గూడెం మనిషి, "దిగు చెల్లె, దిగు!" అని ఒకటే కేకలు. దిగాను. దిగడం తప్పు కాదు. ఆఖరి బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. పేరు పెట్టకుండా పోతే పొద్దున సార్ ముందు, పని అయిపోలేదు సార్ అని నిలబడాలి. ప్రొబేషన్ పిల్లకు అదొక నామోషీ. పన్నెండు సరిగ్గా ఉన్నాయి, నాలుగు ఎందుకు చెడతాయి? కుర్చీలో కూర్చుని ఆ నాలుగు అందాజుగా నింపాను. పేరు పెట్టాను. బస్సెక్కాను. దారంతా కిటికీలో వాన చూసుకుంటూ హాయిగా పోయాను, అదీ నా ఘనత.

మర్నాడు పొద్దున సార్ మేకు కదిపి చూసి, షీటు తీశారు. తీసి అట్లాగే నిలబడ్డారు. పోయి పేరు స్విచ్ ఆపేశారు. పట్నంలో విమానాలను చూసుకునే ఆఫీసుకు ఫోన్ చేసి, "మా స్టేషన్ వాడొద్దు, నేను చెప్పేదాంక వాడొద్దు" అన్నారు. సముద్రం వైపు నుంచి ఒక చిన్న విమానం తొమ్మిదింటికి కింది దారిలో రావాల్సి ఉంది. దాన్ని వేరే దారికి తిప్పుతామన్నారు వాళ్లు. అప్పుడు నా వైపు తిరిగారు.

"బిడ్డా, గీ పన్నెండు అంకెలు మీద నిలబడి రాసినవ్, గాలికి చెయ్యి వణికింది. గీ నాలుగు కుర్చీల కూసోని రాసినవ్, ముత్యాలోలె ఉన్నయ్. అవునా, కాదా?"

"అవ్ సార్" అన్నాను.

ఇద్దరం డాబా ఎక్కాం. తూర్పు నుంచి ఆగ్నేయం దాకా ఆ నాలుగు గుర్తులూ ఆయన చేత్తో కొలిచారు. రెండు సరిగ్గా ఉన్నాయి. రెండింటిలో ఐదు డిగ్రీల తేడా. మేము కొత్తగా బిగించిన కేబుల్ కొసలో నీళ్లు దిగాయి. మీకు అనుమానం రావచ్చు, తేడా వస్తే చెప్పే యంత్రం లేదా అని. ఉంది, కానీ అది మైదానంలో ఒక్క దిక్కున నిలబడి చూస్తుంది. మాది పడమట ఉంది. తూర్పున చెడితే దానికి పట్టింపు లేదు. ఆ తూర్పు గీతల కిందే గోదావరి కొండలున్నాయి. ఐదు డిగ్రీలు, అరవై మైళ్లు, దారి అంచు దాటి పక్కకు. లెక్క నాకు నోటికి వచ్చు. డాబా మీదే కూలబడి ఏడ్చాను. ఆ నీళ్లు నేను కొలవాల్సిన వేళకే ఉన్నాయో, ఆ రాత్రి వానకు దిగాయో ఈనాటికీ నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. చూడలేదు కదా.

కనెక్టర్ ఆరబెట్టి, మళ్లీ బిగించి, పదహారూ కొలిచి, పేరు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాకు ఆశ పుట్టింది.

"సార్, కొత్త షీటు ఉంది కదా. పాతది..."

"పాతది గూడ ఉంటది" అన్నారు. లాగ్ పుస్తకం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చారు. "ఏం చేసినవో గది రాయి. నువ్వే రాయి."

"నా నౌకరి పోతది సార్. మా నాన్న సంగతి మీకు తెలుసు."

"ఎర్కే. పోతే నాకు మస్తు బాధైతది. నీ ఇంటికి వచ్చి మీ నాయిన ముందట కూసుంట. గాని రాయి బిడ్డా. ఇయ్యాల గిది దాచిపెడ్తే రేపటి సంది నువ్వు ఏది కొలిచినా నీకే నమ్మకం ఉండదు."

రాశాను. అక్షరాలు కన్నీళ్లకు అలుక్కుపోయాయి. నేను రాసిన నాలుగు వరుసల కింద ఆయన పుస్తకం లాక్కుని తాను రాశారు. ఖాళీ షీటు మీద చూడకుండా సంతకం పెట్టడం నా తప్పు, అని. ఆరు నెలల్లో రిటైరయ్యే మనిషి. ఎన్నడూ ఒక్క మెమో ఎరగని మనిషి. ఆయన ఆ మాట రాయకపోతే అడిగేవాడు లేడు. నన్నొక్కదాన్నే దోషిని చేసి ఆయన హాయిగా ఉండొచ్చు. "మీరెందుకు సార్?" అంటే, "మరి నేను జెయ్యలేదా?" అని కోపంగా చూశారు.

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయాసపడుతూ, "బొగ్గుబాయిల విషగాలి ఉన్నదా అని చూసుడు నా పని. చూడకుంటనే చూసిన అని రాసినోళ్లను నేను ఎరుగుదును. వాళ్ల కింద పని చేసిన" అన్నాడు. ఊపిరి అందాక, "మీ సార్‌ను ఒకపారి తోలుకరా, కోడి కోస్త" అన్నాడు. సార్ వచ్చారు, తిన్నారు. ఇద్దరూ నా ఊసే ఎత్తలేదు, పొద్దుగూకే దాకా గని సంగతులు, గంప సంగతులు మాట్లాడుకున్నారు.

నౌకరి పోలేదు. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. తప్పు ఒప్పుకుని రాసింది కాబట్టి ఉంచుతున్నాం అని ఆ కాగితంలోనే ఉంది. సార్‌కు రిటైరయ్యే ముందు రావాల్సిన ప్రమోషన్ మాత్రం ఆగిపోయింది. ఆయన నాకు చెప్పలేదు. సార్ భార్య నోటివెంట రెండేళ్ల తర్వాత జారింది. నేను పరుగెత్తుకుని పోయి అడిగితే "గా ముచ్చట ఇప్పుడెందుకు, చాయ్ తాగు" అన్నారు. సార్ వింటే నవ్వుతారు గానీ, కన్నవాళ్ల తర్వాత నాకు నిలబడే చోటు ఇచ్చింది ఆయనే. ఇది మైకులో చెప్పాలనుకున్నాను.

రిటైరయ్యాక పాల్వంచలో ఇంటి వరండాలో పాత సామాన్లతో ఒక రిసీవర్ చేసి పెట్టుకున్నారు, మా గంప పేరు వినడానికి. ఇంటి డాబా మీద యాంటెనా, వరండాలో కుర్చీ, పక్కన డబ్బా. పొద్దున లేస్తే అదే కూత. "నాకు సవతి లేదనుకున్న పిల్లా, ముసలితనంల తెచ్చి వాకిట్ల కూసోబెట్టిండు" అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. పేరు ఆగితే చాలు, నేను పని ముగించి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగేది. "ఇయ్యాల గంటన్నర పట్టింది, ఏం చెడ్డది?" అని విచారణ. ఎక్కువసేపు పడితే ఏమీ అనేవారు కాదు. తొందరగా అయితేనే గుచ్చి గుచ్చి అడిగేవారు. ఆ ఆఖరి ఆదివారం తిట్టింది కూడా అందుకే. పొద్దున పేరు నలభై నిమిషాల్లో వచ్చేసిందట. ఫ్యూజు మార్చాను సార్, కొలవాల్సిన రిపేరు కాదు అంటే నమ్మడానికి పావుగంట పట్టింది. ఇన్నేళ్లలో నేను డాబా మీద ఒంటరిగా ఉన్నానని ఒక్కనాడూ అనుకోలేదు.

కర్మ నాడు భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. వరండాలో ఆ కుర్చీ అట్లాగే ఉంది, దాంట్లో ఎవరూ కూర్చోలేదు. డబ్బా మోగుతూనే ఉంది. సార్ భార్య, నేను అమ్మ అని పిలిచే మనిషి, రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. నాకు మింగుడుపడని మాట ఒకటి ఉంది. మంగళవారం నేను పేరు ఆపింది పది దాటాక. మళ్లీ పెట్టింది పన్నెండున్నరకు. అడగలేక అడిగాను.

"అమ్మా, సార్ ఎన్ని గంటలకు..."

"పన్నెండు కొట్టింది. గప్పుడే" అన్నది. "పేరు ఆగంగనే కుర్చీ జరుపుకోని కూసున్నడు. పన్నెండు కొట్టే ముందట 'పిల్ల ఇంక మీదనే ఉన్నది. నాలుగు తట్ల చూడంది దిగదు. నువ్వు జర చాయ్ పెట్టు' అన్నడు. నేను లోపలికి పోయిన. చాయ్ తెచ్చేసరికి గిట్లనే కూసోని ఉన్నడు, కండ్లు మూసుకోని. డబ్బా సప్పుడు లేదు."

నేను గంట ముందు దిగి ఉంటే ఆ పేరు ఆయన చెవిన పడేది. ఆ రోజు మబ్బు లేదు, బస్సు తొందర లేదు, నింపాదిగా ఒక్కో గుర్తు దగ్గర రెండేసి సార్లు చూశాను. ఆ సంగతి చెప్పి ఏడ్చాను. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

"పదహారూ చూసినవా?"

"చూసిన అమ్మా."

"ఇగ ఏడుస్తవెందుకు మరి?" అన్నది.

డబ్బా పేరు చెప్పింది. కూతల్లో ఏ అక్షరం ఏదో ఆమెకు తెలియదు, ఎన్నడూ నేర్చుకోలేదు. ఆమె వేలు మాత్రం చాయ్ గ్లాసు మీద ఆ పేరును తప్పు లేకుండా కొట్టింది. ఆగి, మళ్లీ పది సెకన్లకు కొట్టింది. చాయ్ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు, వేలు ఆగలేదు.